రాకుమారి ఎవరి మాట మాట్లాడుతోంది? యానిమేషన్ చిత్రాల్లో స్త్రీ పాత్రలు, సంస్కృతి మూసలు

పాత రాకుమారి కథను మళ్లీ తెరకెక్కించిన ప్రతిసారీ ఒకే రకమైన తగవు మొదలవుతుంది. 2023లో మత్స్యకన్య కథ, 2025లో స్నో వైట్ కథ నటీనటులతో కొత్తగా వచ్చినప్పుడు ఇదే జరిగింది. ఈ కథలు ఆడపిల్లకు అందంగా ఉండడం, ఓపిక పట్టడం, రాజకుమారుడి కోసం ఎదురుచూడడం తప్ప మరేమీ నేర్పలేదని ఒక పక్షం అంటుంది. తరతరాలుగా పిల్లలు ఇష్టపడిన కథల్లో ఇప్పటి సిద్ధాంతాలను వెదకడం అన్యాయమని రెండో పక్షం అంటుంది. ఇరుపక్షాలూ ఒకే చిత్రాన్ని చూపిస్తూ వేర్వేరు విషయాలు మాట్లాడుతుంటాయి: ఒకరు నాయిక చేసే పనుల గురించి, మరొకరు ఆమె గుణం గురించి, ఇంకొకరు ఆమె నడుము కొలత గురించి, వేరొకరు ఆమె ఏ దేశపు పిల్లగా చూపబడిందన్న దాని గురించి. ఈ పొరలను విడదీసి చూస్తే, "పాత రాకుమారి అబల, కొత్త రాకుమారి ధీర" అన్న సూత్రం సగం దూరమే నడుస్తుందని తెలుస్తుంది. ఒక అమ్మాయికి స్వేచ్ఛ ఇస్తున్నట్టు కనిపించే చిత్రం, అదే చేత్తో ఒక జాతినో సంస్కృతినో మూసలో పోస్తూ ఉండవచ్చుననీ తెలుస్తుంది. ఈ వ్యాసానికి ముఖ్య విషయం ఆ రెండోదే.

మూస అంటే ఏమిటి, ఏది మూస కాదు

ఆడవారు ఇలా ఉండాలి, మగవారు అలా ఉండాలి అని ఒక సమాజం పెట్టుకున్న అంచనాల మొత్తాన్ని జెండర్ పాత్ర అంటారు. శరీర భేదం వేరు, ఆ భేదానికి సమాజం తగిలించిన పనులూ గుణాలూ వేరు. బిడ్డను కనడం మొదటి కోవకు చెందుతుంది. బిడ్డకు జోల పాడవలసింది తల్లే అనడం రెండో కోవకు చెందుతుంది. ఇక మూస అంటే, ఒక సమూహంలోని మనుషులందరినీ ఒకే అచ్చులో పోసి చూడడం. అది నింద రూపంలోనే రానక్కరలేదు. "ఆడవాళ్లకు సహనం ఎక్కువ" అన్న మాట ప్రశంసలా వినిపించినా, సహనం నశించిన స్త్రీని అది దోషిగా నిలబెడుతుంది.

నాయిక ఇల్లు ఊడ్చినంత మాత్రాన అది మూస అయిపోదు. 1937 నాటి చిత్రంలో స్నో వైట్ ఏడుగురు మరుగుజ్జుల ఇంటికి చేరి, ఎవరూ అడగకుండానే ఇల్లంతా శుభ్రం చేస్తుంది. వండుతాను, ఊడుస్తాను, కుడతాను అని చెప్పి ఆ ఇంట్లో చోటు సంపాదిస్తుంది. అక్కడ ఇంటిపని ఆమె మంచితనానికి రుజువు. 1950 నాటి చిత్రంలో సిండరెల్లా కూడా ఊడుస్తుంది, తుడుస్తుంది, కానీ అక్కడ ఆ చాకిరీ ఆమెకు జరుగుతున్న అన్యాయం. పని ఒకటే అయినా కథ దానికిచ్చిన విలువ వేరు. ఒక విషయాన్ని చూపడానికీ దాన్ని సమర్థించడానికీ మధ్య ఉన్న ఈ తేడాను మరచిపోతే విమర్శ తొందరపాటుగా మారుతుంది. మరోవైపు, ఏ ఒక్క చిత్రంలోనూ తప్పుపట్టవలసింది కనిపించకపోయినా, ఇరవై చిత్రాల్లో అదే పని అదే మనిషి చేతిలో కనిపించినప్పుడు మూస తయారవుతుంది. అందువల్ల కొన్ని ప్రశ్నలకు జవాబు ఒక చిత్రంలో దొరకదు, వరుసలో దొరుకుతుంది.

"రాకుమారి" అన్న మాటకూ వివరణ కావాలి. చైనా కథానాయిక మూలాన్ రాజవంశంలో పుట్టలేదు, రాజును పెళ్లాడలేదు, అయినా డిస్నీ సంస్థ అధికారిక రాకుమారుల జాబితాలో ఉంది. రాజకుటుంబంలో పుట్టిన ఫ్రోజెన్ చిత్ర నాయికలు ఎల్సా, ఆనా ఆ జాబితాలో లేరు. కారణం వ్యాపారానికి సంబంధించినది. 2000 ప్రాంతంలో ఆ సంస్థలో వస్తు విక్రయ విభాగాన్ని చూసిన ఆండీ మూనీ, వేర్వేరు చిత్రాల నాయికలను ఒకే పేరు కింద చేర్చి బొమ్మలు, దుస్తులు అమ్మే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2001లో 30 కోట్ల డాలర్లున్న ఆ అమ్మకాలు 2006 నాటికి 300 కోట్ల డాలర్లకు చేరాయి. దీన్ని బట్టి చిత్రంలోని రాకుమారి వేరు, డబ్బా మీది రాకుమారి వేరు. ఒకరి మీద చేసిన విమర్శ మరొకరికి అతకకపోవచ్చు.

మూల కథలో ఉన్నదెంత, తెర చేర్చినదెంత

"కథే అలా ఉంది, చిత్రం ఏం చేస్తుంది?" అన్నది తరచుగా వినిపించే సమర్థన. అది కొంతవరకే నిజం. జర్మనీ జానపద కథలను సేకరించిన గ్రిమ్ సోదరులు ముద్రించిన స్నో వైట్ కథలో రాజకుమారుడి ముద్దు లేదు. తరువాతి ముద్రణల్లో, శవపేటికను మోస్తున్న సేవకులు తడబడగా ఆ కుదుపుకు గొంతులోని విషపు ఆపిల్ ముక్క బయటపడి ఆమె లేస్తుంది. నిద్రపోతున్న అమ్మాయిని ముద్దుతో లేపడమన్నది ఆ కథకు చిత్రం చేర్చినది. అంతకంటే ఆలోచించవలసిన మార్పు పుస్తకంలోనే జరిగింది. 1812 నాటి మొదటి ముద్రణలో కూతురి అందాన్ని చూసి అసూయపడేది కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమె సవతి తల్లిగా మారింది. తల్లి అంటే ఇలాగే ఉండాలన్న భావానికి దెబ్బ తగలకుండా చేసిన సవరణ అది. రెండు వందల ఏళ్లుగా ఎన్నో కథల్లో సవతి తల్లి మోస్తున్న అపకీర్తిలో కొంత భాగం ఇలాంటి సంపాదకుల కలం నుంచి వచ్చింది.

1970 దశకం మొదట్లో అమెరికాలో దీని మీదే ఒక విలువైన వాదం నడిచింది. జానపద కథల్లో తెలివైన, సాహసవంతులైన స్త్రీలు బోలెడంతమంది ఉన్నారని, సంకలనకర్తలు వారిని పక్కనపెట్టి నిద్రపోయే అమ్మాయిలను ముందుకు తెచ్చారని రచయిత్రి అలిసన్ లూరీ 1970లో వాదించారు. ఎక్కడో మూలనున్న కథలు పిల్లలను మలచవు, అందరికీ తెలిసిన గుప్పెడు కథలే మలుస్తాయని 1972లో మార్షా లీబర్మన్ బదులిచ్చారు. నా దృష్టిలో ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి అడ్డు రావు. ఎంపిక ఎవరు చేశారన్నది లూరీ ప్రశ్న, ఎంపిక అయినది ఏం చేస్తోందన్నది లీబర్మన్ ప్రశ్న.

నిద్రపోయే నాయిక చుట్టూ మేలుకొని ఉన్న స్త్రీలు

1937, 1950, 1959 సంవత్సరాల్లో వచ్చిన మొదటి మూడు చిత్రాల్లో నాయిక చొరవ తక్కువన్న మాటను కాదనలేము. 75 నిమిషాల స్లీపింగ్ బ్యూటీలో రాకుమారి అరోరా తెర మీద కనిపించేది దాదాపు 18 నిమిషాలు. ఆమెకు ఏం జరగాలో పసిబిడ్డగా ఉన్నప్పుడే నిర్ణయమైపోతుంది, ఆమె పెద్దదై దాన్ని అనుభవిస్తుంది.

అయితే ఆ చిత్రాన్ని నడిపేదెవరో చూడండి. శాపం పెట్టేది ఒక స్త్రీ. శాపాన్ని మెత్తబరిచేది, పిల్లను అడవిలో దాచి పెంచేది, రాజకుమారుణ్ణి చెర నుంచి విడిపించి చేతికి కత్తీ డాలూ ఇచ్చి పంపేది ముగ్గురు నడివయసు దేవకన్యలు. చొరవ ఉన్నది వయసు మళ్లినవారికీ దుష్టురాలికీ. పడుచుపిల్లకు ఉన్నది అందమూ గాత్రమూ. ఆ కాలపు చిత్రాల్లో అసలు మూస ఇక్కడే ఉంది. స్త్రీకి శక్తి లేదని అవి చెప్పలేదు, శక్తి ఉన్న స్త్రీ ప్రేమకు పాత్రురాలు కాదన్నట్టు చూపాయి.

సిండరెల్లాను సమర్థించేవారి మాటా వినదగినదే. ఆ చిత్రంలో ఆమె రాజకుమారుణ్ణి వలలో వేసుకోవడానికి విందుకు వెళ్లదు. తాను నృత్యం చేసినది రాజకుమారుడితో అని కూడా ఆమెకు తెలియదు. ఒక్క సాయంత్రం చాకిరీ నుంచి బయటపడాలన్నదే ఆమె కోరిక. చివర్లో సవతి తల్లి గాజు చెప్పును పగలగొట్టించినప్పుడు, తన దగ్గర దాచుకున్న రెండో చెప్పును తీసి చూపేది ఆమే. హింస జరిగే ఇంట్లో ఇరుక్కున్న పిల్ల ఓర్పును బలహీనత అని కొట్టిపారేయడం న్యాయం కాదని ఈ పక్షం అంటుంది. ఆ మాటలో నాకు నిజం కనిపిస్తుంది. అలాగని ఆమెను ఆ ఇంటి నుంచి బయటికి తీసుకుపోయే దారి పెళ్లి ఒక్కటే అన్న విమర్శకు ఆ సమర్థనలో జవాబు లేదు.

మత్స్యకన్య గొంతు: ఒకే చిత్రం, మూడు అర్థాలు

ముప్పై ఏళ్ల విరామం తర్వాత 1989లో వచ్చిన మత్స్యకన్య చిత్రం ఈ చర్చ మొత్తానికీ మంచి ఉదాహరణ. నాయిక ఏరియల్ ఒక మనిషిని ప్రేమించి, కాళ్ల కోసం తన గొంతును సముద్రపు మంత్రగత్తె ఉర్సులాకు ఇచ్చేస్తుంది.

మొదటి అర్థం అందరికీ తెలిసినదే: మగవాడి కోసం మాటను వదులుకున్న పిల్ల కథ ఇది. పైగా, మాట్లాడే ఆడదాన్ని మగవాళ్లు ఇష్టపడరని ఉర్సులా పాట పాడి మరీ నచ్చచెబుతుంది. రెండో అర్థం కథాక్రమాన్ని గమనిస్తుంది. భూమి మీద బతకాలన్న కోరికను ఏరియల్ పాటగా పాడేది రాజకుమారుడు ఎరిక్‌ను చూడకముందే. మనుషుల వస్తువులు పోగుచేసుకుని, వాటి పేర్లేమిటో తెలుసుకోవాలని తపించే పిల్ల ఆమె. ప్రేమ ఆ కుతూహలానికి ఒక రూపం ఇచ్చిందంతే. మూడో అర్థం ఉర్సులా మాటలను ఎవరు చెబుతున్నారో గుర్తుచేస్తుంది. అవి మోసం చేయడానికి చెప్పిన మాటలు, కథ వాటిని అబద్ధమని తేలుస్తుంది కూడా. ఎరిక్ మనసు పడ్డది ఆ గొంతు మీదే. గొంతు లేనందువల్లే అతడు ఆమెను పోల్చుకోలేకపోతాడు. మౌనం ఆమెకు ఏ మేలూ చేయలేదు.

మూడో అర్థం నాకు బలంగా తోస్తుంది, కానీ చిత్రం ముగింపు దాన్ని సగంలో ఆపేస్తుంది. ఉర్సులాను ఓడ ముక్కుతో పొడిచి చంపేది ఎరిక్, కూతురికి కాళ్లిచ్చి పంపేది తండ్రి. గొంతు తిరిగి వచ్చాక ఏరియల్ చేతిలో నిర్ణయమేదీ మిగలలేదు. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో రాసిన మూల కథలో అలా కాదు. అక్కడ మత్స్యకన్యకు కావలసింది రాజకుమారుడితో పాటు మనుషులకున్నట్టి అమరమైన ఆత్మ. అతడు మరొకరిని పెళ్లి చేసుకుంటాడు. అతణ్ణి చంపితే తాను బతకగల అవకాశం చేతికొచ్చినా ఆమె ఆ కత్తిని సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ కథ మరింత కఠోరమైనది, బాధను పుణ్యంగా చూపిందన్న విమర్శ దానికీ ఉంది, కానీ చివరి నిర్ణయం మాత్రం ఆమెదే.

మాటలు లెక్కపెడితే తేలేది

కార్మెన్ ఫాట్, కేరెన్ ఐసెన్‌హావర్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు ఈ చిత్రాల సంభాషణలను లెక్కించి 2016లో ఫలితాలు వెల్లడించారు. అందరూ ఊహించిన దానికి అవి విరుద్ధంగా ఉన్నాయి. స్నో వైట్‌లో స్త్రీ పాత్రలు పలికిన మాటలు 50 శాతం, సిండరెల్లాలో 60 శాతం, స్లీపింగ్ బ్యూటీలో 71 శాతం. ధైర్యవంతులైన నాయికలు వచ్చారని పేరుపడిన తరువాతి కాలంలో పరిస్థితి తలకిందులైంది. 1989 నాటి మత్స్యకన్య చిత్రంలో పురుష పాత్రల మాటలు 68 శాతం, బ్యూటీ అండ్ ది బీస్ట్‌లో 71 శాతం, అలాద్దీన్‌లో 90 శాతం. స్త్రీ పేరే శీర్షికగా ఉన్న పోకహాంటస్‌లో 76 శాతం, మూలాన్‌లో 77 శాతం.

ఇదెలా జరిగిందో పాత్రల పట్టిక చూస్తే అర్థమవుతుంది. నాయికకు చొరవ పెరిగింది, కానీ ఆమె చుట్టూ మిగిలిన స్త్రీలు మాయమయ్యారు. హాస్యం పండించే పీత, చిలుక, కొవ్వొత్తి స్తంభం, గడియారం, దీపంలోని భూతం, బుల్లి డ్రాగన్ అన్నీ మగ పాత్రలే అయ్యాయి. అంగడివాడు, సైనికుడు, మంత్రి ఎలాగూ మగవారే. ఒక పాత్ర ఆడదై తీరాలన్న అవసరం కథలో లేకపోతే దాన్ని మగ పాత్రగా రాయడం అలవాటైపోయింది. ఎవరో కుట్ర చేశారనడం కంటే ఎవరూ ఆలోచించలేదనడమే ఇక్కడ సరైన వివరణ అని నేను భావిస్తాను. మూసలు ఎక్కువగా పుట్టేది ఈ ఆలోచించకపోవడం నుంచే.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. ఎక్కువ మాట్లాడిన పాత్ర ఎక్కువ శక్తి గలదని చెప్పలేము. 71 శాతం మాటలు స్త్రీలవైన చిత్రంలో నాయిక నిద్రపోయింది. 2013 నాటి ఫ్రోజెన్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు కథను మోస్తున్నా స్త్రీల మాటలు 41 శాతమే. వారే చేసిన మరో లెక్క వేరే దిశ చూపుతుంది. మొదటి మూడు చిత్రాల్లో స్త్రీలకు దక్కిన ప్రశంసల్లో 55 శాతం రూపం గురించి, 11 శాతం పనితనం గురించి. 2009 తర్వాతి చిత్రాల్లో రూపం గురించినవి 22 శాతానికి తగ్గి, పనితనం గురించినవి 40 శాతానికి పెరిగాయి. చొరవ, మాట, మెప్పు అనే మూడు కొలతలు మూడు వేర్వేరు కథలు చెబుతున్నాయి. ఏదో ఒక్కదాన్ని పట్టుకుని పురోగతి అనో తిరోగతి అనో తీర్పు చెప్పేవారితో జాగ్రత్తగా ఉండాలి.

ఆమె స్వేచ్ఛ కోసం ఆమె దేశాన్ని చిన్నబుచ్చడం

1992 నాటి అలాద్దీన్‌లో రాకుమారి జాస్మిన్, తాను గెలుచుకునే బహుమతిని కానని తండ్రి ముందూ పెళ్లికొడుకుల ముందూ తెగేసి చెబుతుంది. ఆ ఒక్క మాట చాలు, ఆమెను ముందుతరం నాయికల నుంచి వేరు చేయడానికి. అయితే ఆమె తిరుగుబాటుకు అర్థం రావాలంటే ఎదురుగా ఒక అణచివేత ఉండాలి. దాన్ని చిత్రం ఎక్కడ నుంచి తెచ్చింది? అగ్రబా అనే కల్పిత అరబ్బు నగరం నుంచి. ఆకలిగొన్న పిల్లవాడికి ఆపిల్ ఇచ్చినందుకు అంగడివాడు ఆమె చేయి నరకబోతాడు. ఆ దేశంలో ముఖం నచ్చకపోతే చెవి కోస్తారని ప్రారంభ గీతమే చెప్పింది. అమెరికాలోని అరబ్బు సంఘాల అభ్యంతరం మీద 1993లో ఆ పాదాన్ని మార్చారు, కానీ ఆ దేశం అనాగరికమన్న పదం అలాగే ఉండిపోయి, 2019లో నటీనటులతో తీసిన రూపంలో మారింది. నాయికానాయకులు అమెరికన్ యాసలో మాట్లాడతారు. అంగడివాళ్లు, భటులు మాత్రం పరాయి యాసలో మాట్లాడతారు. మంచివారు మనలాంటివారు, చెడ్డవారు వాళ్లలాంటివారు అన్న సూచన చిన్నపిల్లల చెవికి కూడా అందుతుంది.

పాశ్చాత్య రచన తూర్పు దేశాలను విలాసం, క్రౌర్యం, మాయ కలిసిన ఒకే లోకంగా ఊహించుకుందని సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లో వివరించారు. దీన్ని ప్రాచ్యవాదం అంటారు. అరబ్బు కట్టడాలనూ తాజ్‌మహల్‌ను పోలిన రాజభవనాన్నీ ఒకే నగరంలో కలిపిన అగ్రబా దానికి చక్కని ఉదాహరణ. మూల కథ చరిత్ర ఇంకా చిక్కనిది. 18వ శతాబ్దంలో ఆంట్వాన్ గలాన్ అనే ఫ్రెంచి రచయిత, అలెప్పోకు చెందిన హన్నా దియాబ్ చెప్పగా విని ఈ కథను వెయ్యిన్నొక్క రాత్రుల్లో చేర్చారు, కథలో చెప్పిన దేశమేమో చైనా. "అసలైన అరబ్బు కథను పాడుచేశారు" అనడం కూడా అంత తేలిక కాదు.

మూలాన్ విషయంలో ఇదే చిక్కు మరో రూపంలో కనిపిస్తుంది. 1998 నాటి చిత్రంలో పెళ్లిళ్ల పేరమ్మ మూలాన్‌ను అవమానిస్తుంది, సైన్యంలో ఆమె ఆడపిల్లని తెలిస్తే మరణదండన అంటారు. ఈ రెండూ చిత్రం కల్పించినవి. ఒకటిన్నర వేల ఏళ్ల నాటి చైనా గేయంలో మూలాన్ తండ్రికి బదులు యుద్ధానికి వెళ్లి, గెలిచి, చక్రవర్తి ఇవ్వజూపిన పదవిని కాదని ఇంటికి వస్తుంది. మళ్లీ ఆడపిల్లలా సింగారించుకుని బయటికి వచ్చినప్పుడు, పన్నెండేళ్లు కలిసి తిరిగినా ఆమె ఆడదని తెలియలేదని తోటి సైనికులు ఆశ్చర్యపోతారు. రెండు కుందేళ్లు పక్కపక్కన పరుగెడుతుంటే ఏది మగదో ఏది ఆడదో ఎవరు చెప్పగలరన్న ప్రశ్నతో గేయం ముగుస్తుంది. జెండర్ గురించి ఇంత సూటిగా మాట్లాడిన ప్రాచీన రచనను తీసుకుని, ఆ సమాజం ఎంత వెనుకబడినదో చూపే నేపథ్యంగా మార్చడం నాకు బాధ కలిగించే విషయం. అయినా ఒక ఆసియా అమ్మాయిని కత్తి పట్టిన నాయికగా, ప్రేమకథ పక్కకు తప్పుకోగా, ప్రపంచమంతా చూసేలా నిలబెట్టిన ఘనత ఆ చిత్రానిదే. ఆ ముఖంలో తమను తాము చూసుకున్న పిల్లల ఆనందాన్ని ఏ విమర్శా తక్కువ చేయకూడదు.

పొగడ్త రూపంలో వచ్చిన మూస

1995 నాటి పోకహాంటస్ కల్పిత వ్యక్తి కాదు. పౌహటన్ తెగ నాయకుడి కూతురు. 1607లో ఆంగ్లేయులు వర్జీనియా తీరంలో దిగినప్పుడు ఆమెకు పదకొండేళ్ల వయసు ఉంటుంది. చిత్రం ఆమెను యువతిని చేసి, కెప్టెన్ జాన్ స్మిత్‌తో ప్రేమలో పడేసింది. నిజంలో ఆమెను ఆంగ్లేయులు 1613లో బందీగా పట్టుకున్నారు. 1614లో జాన్ రోల్ఫ్ అనే పొగాకు రైతుతో ఆమెకు పెళ్లయింది. 1617లో ఇంగ్లాండులోని గ్రేవ్సెండ్ వద్ద, ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే ఆమె చనిపోయింది. స్మిత్‌ను ఆమె చావు నుంచి కాపాడిందన్న ఘట్టానికి ఆధారం అతడు తర్వాతెప్పుడో రాసుకున్న రాతలే కాబట్టి చరిత్రకారులు దాన్ని నమ్మడానికి తటపటాయిస్తారు.

చిత్రంలో పోకహాంటస్ ధైర్యవంతురాలు, వివేకవంతురాలు, చివర్లో ప్రియుడితో వెళ్లకుండా తన వారి దగ్గర ఉండిపోతుంది. జెండర్ దృష్టితో చూస్తే ఇది పెద్ద అడుగు. సంస్కృతి దృష్టితో చూస్తే ఆమె గాలితో, చెట్టుతో మాట్లాడే ప్రకృతి పుత్రిక. మూలవాసులు ప్రకృతికి దగ్గరివారన్న ఈ మెచ్చుకోలు, వారికి పొలాలు, రాజకీయాలు, ఒప్పందాలు, యుద్ధతంత్రం ఉండేవన్న సంగతిని చెరిపేస్తుంది. ఆ ఆక్రమణలో ఎవరు ఏం కోల్పోయారో చెప్పకుండా, రెండు వైపులా సమానంగా ద్వేషం ఉన్నట్టు చూపే పాట దాన్ని ఇంకా కప్పిపుచ్చుతుంది.

2009లో వచ్చిన మొదటి నల్లజాతి రాకుమారి టియానా గురించి ఒక్క మాట. కష్టపడి సొంత భోజనశాల పెట్టుకోవాలన్న లక్ష్యం ఉన్న అమ్మాయి ఆమె. కానీ చిత్రంలో ఎక్కువ భాగం ఆమె కప్ప రూపంలో ఉంటుంది. ఇన్నేళ్లకు వచ్చిన ఆ ముఖాన్ని తెర మీద కాసేపైనా నిలువనీయలేదన్న బాధ చాలామందిలో మిగిలింది.

అడిగి తీయడం మొదలైన తర్వాత

2016 నాటి మోఆనా కోసం దర్శకులు పసిఫిక్ ద్వీపాలకు వెళ్లి, అక్కడి పండితులు, నావికులు, పచ్చబొట్టు కళాకారులతో ఒక సలహా బృందాన్ని ఏర్పరచుకున్నారు. నాయికకు ప్రేమకథ లేదు, నడుము గాజుబొమ్మ నడుములా లేదు. ఆ చిత్రాన్ని తహీతీ, మావోరీ భాషల్లోకి అనువదించారు. ఇంత జరిగినా వివాదం తప్పలేదు. పాలినీషియన్లు పూజించే వీరుడు మావుయిని స్థూలకాయుడిగా, గొప్పలు చెప్పుకునే హాస్యగాడిగా చూపడం ఆ ప్రాంతంలోనే కొందరిని నొప్పించింది, మరికొందరు అందులో బలాన్నే చూశారు. ఎన్నో ద్వీపాల భాషలూ ఆచారాలూ కలిపి ఒకే కల్పిత ద్వీపం చేశారన్న విమర్శ కూడా వచ్చింది. విడుదలకు ముందు అమ్మకానికి పెట్టిన పిల్లల మావుయి వేషం, గోధుమ రంగు చర్మమూ పచ్చబొట్లూ ముద్రించిన దుస్తులు కావడంతో అభ్యంతరాలు వచ్చి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చిత్రం తీసినవారు నేర్చుకున్న పాఠం, వస్తువులు అమ్మేవారి దాకా చేరలేదు.

ఫ్రోజెన్ రెండో భాగానికి డిస్నీ సంస్థ నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లోని మూలవాసులైన సామీ ప్రజల పార్లమెంట్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, వారి భాషలో కూడా చిత్రాన్ని విడుదల చేసింది. ఇక్కడ సంప్రదించడానికి ఎన్నికైన ప్రతినిధులున్నారు. అందరి సంస్కృతికీ అలాంటి ప్రతినిధి సభ ఉండదు కాబట్టి, ఎవరిని అడిగితే అందరినీ అడిగినట్టు అన్న ప్రశ్న మిగిలే ఉంది.

గీసిన చేతులు, అమ్మే డబ్బాలు

1938లో ఉద్యోగం కోరిన ఒక యువతికి డిస్నీ స్టూడియో పంపిన జవాబు భద్రంగా ఉంది: చిత్రాల సృజనాత్మక పని యువకులే చేస్తారు, స్త్రీలు చేసేది గీతల మీద సిరా పూయడం, రంగులు నింపడం మాత్రమేనని అందులో ఉంది. ఆ స్టూడియో యానిమేషన్ చిత్రానికి ఒక స్త్రీ, లిండా వూల్వర్టన్, కథనం రాయడానికి 1991 దాకా పట్టింది. పుస్తకాల పురుగైన బెల్ నాయికగా ఉన్న బ్యూటీ అండ్ ది బీస్ట్ ఆ చిత్రం. స్త్రీలు రాస్తే మూసలు పోతాయన్న హామీ ఏమీ లేదు, కానీ అక్కచెల్లెళ్ల ప్రేమే మంత్రాన్ని విరిచే ఫ్రోజెన్‌కు జెన్నిఫర్ లీ, తల్లీకూతుళ్ల పోట్లాటే కథైన బ్రేవ్‌కు బ్రెండా చాప్‌మన్ కారకులు కావడం కాకతాళీయం కాదు. బ్రేవ్ పూర్తికాకముందే చాప్‌మన్‌ను దర్శకత్వం నుంచి తప్పించారు, అయినా ఆ చిత్రానికి వచ్చిన ఆస్కార్‌లో ఆమెకు భాగం దక్కింది.

2013లో ఆ చిత్ర నాయిక మెరిడాను అధికారిక రాకుమారుల వరుసలో చేర్చినప్పుడు ఆమె బొమ్మను తిరగగీశారు. నడుము సన్నబడింది, చింపిరి జుట్టు ఒత్తైన అలలుగా మారింది, భుజాలు బయటపడ్డాయి, చేతిలోని విల్లు పోయింది. చాప్‌మన్ బహిరంగంగానే ఖండించారు, రెండు లక్షలకు పైగా ప్రజలు నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. చిత్రంలో మెరిడా ఏ అలంకారాన్ని చించి బయటపడిందో దాన్నే బొమ్మలో ఆమెకు తొడిగారు. పిల్లలు చిత్రాన్ని కొన్నిసార్లు చూస్తారు, బొమ్మతో రోజూ ఆడతారు. అందుకే ఈ చర్చలో డబ్బా మీది బొమ్మకు తెర మీది కథతో సమానమైన బరువు ఇవ్వాలి.

పిల్లల మీద ప్రభావం: రెండు పరిశోధనలు

సారా కోయిన్ బృందం 198 మంది చిన్నపిల్లలను గమనించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. రాకుమారి చిత్రాలతో, బొమ్మలతో ఎక్కువ కాలం గడిపిన పిల్లల్లో ఏడాది తర్వాత, ఆడపిల్లలవిగా భావించే ఆటలూ నడవడీ ఎక్కువగా కనిపించాయి. పెద్దలు పక్కన కూర్చుని మాట్లాడితే ఆ ప్రభావం తగ్గుతుందన్న ఊహ కూడా నిలవలేదు, సంబంధం ఇంకా గట్టిపడింది. పెద్దలు విమర్శించడానికి బదులు మెచ్చుకుంటూ మాట్లాడి ఉంటారన్నది ఒక వివరణ.

అదే పరిశోధకురాలి బృందం 2021లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఐదేళ్ల తర్వాత ఆ సంబంధం కొనసాగలేదు. పైగా, చిన్నప్పుడు రాకుమారి కథల్లో మునిగిన పిల్లలు పదేళ్ల ప్రాయం వచ్చేసరికి, మగవాడు బాధను చూపకూడదు, పెత్తనం చేయాలి వంటి కరుడుగట్టిన భావాలను తక్కువగా ఒప్పుకున్నారు. రెండూ పరస్పర సంబంధాన్ని చూపేవే, కారణాన్ని రుజువు చేసేవి కావు. అయినా ఒక విషయం తట్టి చెబుతాయి. ఇంతకాలం ఆడపిల్లల గురించే మాట్లాడుకున్నాము, ఈ కథలు చూసే మగపిల్లల గురించి అడగనే లేదు. బ్యూటీ అండ్ ది బీస్ట్‌లో బలప్రదర్శన చేసే గాస్టన్ దుష్టుడై, ఏడవడం నేర్చుకున్న మృగం ప్రేమకు అర్హుడైన కథ మగపిల్లవాడికి ఏం చెబుతుందో ఆలోచించదగినదే.

వెదురు బొంగులో దొరికిన పిల్ల

ఈ చర్చ హాలీవుడ్‌తో ఆగిపోతే ఒక గొప్ప రాకుమారి చిత్రాన్ని వదిలేసినట్టవుతుంది. జపాన్ దర్శకుడు ఇసావో తకహాతా 2013లో కగుయా రాకుమారి కథను చిత్రంగా తీశారు. మూలం పదో శతాబ్దం నాటిది. వెదురు కొట్టేవాడికి బొంగులో దొరికిన పిల్లను, ఆమె మేలు కోరే తండ్రి, కొండల మధ్య ఆడుకునే జీవితం నుంచి నగరానికి తెచ్చి రాకుమారిని చేయాలనుకుంటాడు. కథలో దుర్మార్గులు లేరు. ప్రేమతోనే ఆమెను బంధిస్తారు.

నడవడి నేర్పడానికి వచ్చిన గురువు, గొప్పింటి పిల్ల కనుబొమలు పీకించుకోవాలనీ పళ్లకు నలుపు పూసుకోవాలనీ చెబుతుంది. కనుబొమలు లేకపోతే చెమట కళ్లలోకి కారుతుంది కదా అంటుంది కగుయా. గొప్పింటి రాకుమారికి చెమట పట్టదని జవాబు. రాకుమారికైనా చెమట పడుతుంది, ఒక్కోసారి పగలబడి నవ్వాలనిపిస్తుంది, అదేదీ లేకపోతే రాకుమారి మనిషే కాదన్నమాట అని ఆ పిల్ల పరుగెత్తి పారిపోతుంది. ఆ జపాన్‌ను తకహాతా క్రూరమైన దేశంగా చూపలేదు, అక్కడి పూలనూ పాటలనూ పనివాళ్లనూ ప్రాణం పెట్టి గీశారు. కొన్నాళ్లకు కగుయా కదలకుండా కూర్చుని కనుబొమలు పీకించుకుంటుంది.